మీకు నచ్చిన బేస్ గిటారిస్టు ఎవరు? నోటు ఎలా మొదలవుతుందో కాదు, ఎలా ఆగుతుందో చెప్పండి

మంద్రం_41

బేస్ మీద ఇక్కడ నడిచిన పాత చర్చలన్నీ పేర్ల జాబితాలుగా మిగిలిపోయాయి. ఈసారి పేరుతో పాటు పని కూడా చెప్పండి. కుడిచెయ్యి ఎక్కడ ఉంటుంది, తీగలు ఏ రకం, మీటిన నోటుని ఎలా ఆపుతారు. నోటు మొదలవడం అందరికీ వినబడుతుంది. అది ముగిసే చోటు మీద చెవి పెట్టేవాళ్లు తక్కువ. నా దృష్టిలో బేసిస్టు శైలి సగానికి పైగా అక్కడే ఉంది.

నేను జేమ్స్ జామెర్సన్‌తో మొదలుపెడతాను. 1960లలో డెట్రాయిట్ మోటౌన్ స్టూడియోలో ఫంక్ బ్రదర్స్ బృందం బేసిస్టు. 1962 ఫెండర్ ప్రెసిషన్ బేస్, దాని మీద లా బెల్లా కంపెనీ మందపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు (చుట్టు తీగ చదునుగా ఉండేవి), .052 నుంచి .110 అంగుళాల దాకా. తెగితే తప్ప మార్చేవారు కాదు. తీగల ఎత్తు ఇంకొకరు నొక్కలేనంత. బ్రిడ్జి (తీగల అడుగు కొసలు ఆనే చోటు) మూత కింద స్పాంజి. యాంప్ ముందు మైకు పెట్టకుండా గిటార్‌ని నేరుగా రికార్డింగ్ బల్లకి కలిపేవారు. ఇవన్నీ కలిస్తే నోటు 'దుమ్' అని పుట్టి వెంటనే గుండ్రంగా సద్దుమణిగిపోతుంది.

మీటడానికి కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే. దానికి 'హుక్' అని పేరే ఉంది. ఒకే వేలు కాబట్టి ప్రతి దెబ్బ బరువూ సమానంగా పడుతుంది. సన్న తీగ నుంచి లావు తీగకి వచ్చేటప్పుడు వేలుని ఎత్తకుండా అలాగే లాగేస్తారు, రెండో నోటు ఉచితంగా వచ్చినట్టే. ఎడమచెయ్యి చోటు మారుతున్న ఆ క్షణంలో ఖాళీ తీగ మోగిస్తారు, స్కేలులో లేని స్వరమైనా సరే. స్పాంజి వల్ల అది ఎక్కువసేపు నిలవదు కాబట్టి అపస్వరంగా తోచదు, నడకలో ఒక అడుగులా జారిపోతుంది. 1968లో వచ్చిన స్టీవీ వండర్ 'ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్'లో బేస్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి. పక్కపక్క బార్లు (తాళపు ఆవర్తాలు) రెండు అచ్చం ఒకేలా ఉన్న చోటు దొరకడం కష్టం.

పాతస్ట్రింగ్స్

జామెర్సన్ పేరు ముందే వచ్చింది, సంతోషం. ఆ శబ్దం కావాలనుకునే వాళ్ల కోసం స్పాంజి లెక్క చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది దీంట్లోనే.

గిన్నెలు తోమే మెత్తటి స్పాంజి చాలు, గీరుడు పొర ఉన్నది వద్దు. నాలుగు తీగలూ దాటేలా 7 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు కోయండి. మందం మీ బేస్‌ని బట్టి. బాడీకీ తీగకీ మధ్య ఖాళీ కొలిచి, దానికన్నా 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే సరిపోతుంది. బ్రిడ్జికి ఆనుకుని, తీగల కింద పెట్టాలి. ముందుకి జరిపితే గొంతు నొక్కేసినట్టు ఉంటుంది, శ్రుతి కూడా చెడుతుంది. స్పాంజి తీగని పైకి తోస్తే నోటు శ్రుతి పెరిగి వినిపిస్తుంది. పెట్టాక ట్యూనర్ పెట్టి 12వ ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) నోటు ఒకసారి చూసుకోండి. నోటు ఒక సెకను పైన మోగి పోతుంటే బాగా కుదిరినట్టు. 'టక్' మని చచ్చిపోతుంటే మందం తగ్గించాలి.

ఇంకొకటి. మామూలు .045–.105 సెట్ తీసేసి అంత మందం ఫ్లాట్‌వౌండ్లు వేస్తే లాగుడు పెరిగి నెక్ (మెడ) ముందుకి వంగుతుంది. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండూ నొక్కిపట్టి, 7వ ఫ్రెట్ దగ్గర తీగ కింద సందు చూడండి. విజిటింగ్ కార్డు మందం ఉంటే చాలు, అంటే 0.3 మిల్లీమీటర్లు. ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి సర్దుబాటు కడ్డీ) పావు చుట్టు మాత్రమే బిగించి, ఒక రాత్రి వదిలేసి మళ్లీ కొలవండి. ఒకేసారి ఒక చుట్టు తిప్పడం చాలా ప్రమాదం.

లయపిచ్చి

స్పాంజి మంచిదే కానీ, అది అన్ని నోట్లనీ ఒకే పొడుగులో కోసేస్తుంది. అదే పని ఎడమచేత్తో, ఏ నోటుకి ఆ నోటుగా చేసినాయన ఇంకొకరున్నారు. నా ఓటు రోకో ప్రెస్టియాకి. టవర్ ఆఫ్ పవర్ బృందం, 1973 పాట 'వాట్ ఈజ్ హిప్'. పాటంతా పదహారో వంతు నోట్లు ఆగకుండా నడుస్తాయి. అయినా చెవికి రొద అనిపించదు, ఎందుకంటే ఒక్కో నోటు పప్పు గింజంత పొట్టిగా ఉంటుంది.

కుడిచేతిలో రహస్యమేమీ లేదు, చూపుడు, మధ్య వేళ్లు మార్చి మార్చి. రహస్యమంతా ఎడమచేతిలో ఉంది. ఒక వేలు నోటు నొక్కుతుంది. మిగతా వేళ్లు అదే తీగ మీద బరువు లేకుండా పడుకుంటాయి. నొక్కిన వేలు కాస్త సడలిస్తే చాలు, నోటు ఆగిపోతుంది. తర్వాతి దెబ్బ స్వరం లేని 'చిక్' అవుతుంది. మన లెక్కలో చెప్పాలంటే 'తకధిమి'లో 'త' ఒక్కటి స్వరం, మిగిలిన మూడూ శబ్దం. ఎక్కడ స్వరం, ఎక్కడ శబ్దం అన్నది మారుస్తూ పోతే అదే ఆయన శైలి.

సాధనకి మెట్రోనోమ్ 70 దగ్గర పెట్టి ఒకే నోటు మీద రెండు నిమిషాలు నడపండి. ముంజేయి నొప్పెడితే ఆపేయండి. దెబ్బ గట్టిగా వేస్తున్నారని అర్థం. యాంప్ వాల్యూమ్ పెంచి చెయ్యి తేలిక చేయండి.

కొత్తబేస్_ఖమ్మం

లయపిచ్చి అన్నా, ఈ 'చిక్' శబ్దం కోసం తీగ మీద వేలు ఆనిస్తుంటే కొన్నిచోట్ల 'టింగ్' అని సన్నటి గంటలాంటి చప్పుడు వస్తుంది. 5, 7 ఫ్రెట్ల దగ్గరైతే తప్పకుండా వస్తుంది. ఎందుకట్లా?

లయపిచ్చి

తమ్ముడూ, అవి హార్మోనిక్ స్థానాలు. 12, 7, 5 ఫ్రెట్ల మీద ఒక్క వేలు తేలిగ్గా ఆనితే తీగ ఆగదు, ముక్కలుగా విడిపోయి మోగుతుంది. ఒక్క వేలితో ఆపబోవడమే తప్పు. కనీసం రెండు వేళ్లు, వీలైతే మూడు, పక్కపక్కన ఆనించు. రెండు చోట్ల ఒత్తిడి పడితే ఏ హార్మోనిక్కీ బతకడానికి చోటుండదు.

బొటనవేలు

స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టే పద్ధతి) గురించి ఎవరూ ఎత్తలేదే. దానికి ఆద్యుడు లారీ గ్రాహం, స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ బేసిస్టు. వాళ్లమ్మతో కలిసి వాయించే రోజుల్లో బృందంలో డ్రమ్మర్ లేడు. బాస్ డ్రమ్ కోసం బొటనవేలితో లావు తీగ మీద కొట్టి, స్నేర్ కోసం చూపుడు వేలితో సన్న తీగని లాగి వదిలేవారు. అది పుట్టుక. 1969 పాట 'థాంక్ యూ'లో అది లోకమంతా విన్నది. ఆయన మాత్రం దాన్ని స్లాప్ అనరు, 'థంపింగ్ అండ్ ప్లకింగ్' అంటారు. ఆ పేరే సరైనదని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఆయన వాయింపు విన్యాసం కాదు, డ్రమ్ పని.

కొట్టే చోటు: ఫింగర్‌బోర్డు ముగిసే చోట, చివరి ఫ్రెట్ పైన. అక్కడైతే తీగ ఫ్రెట్‌కి తగిలి ఇనుప మోత వస్తుంది. తగలాల్సింది బొటనవేలి పక్క ఎముక, కండ కాదు. కదలాల్సింది మణికట్టు, తాళంచెవి తిప్పినట్టు. మోచెయ్యి ఊగితే వేగం రాదు.

చెడిపోయే చోట్లు మూడు. బొటనవేలు తీగ మీదే ఉండిపోతే నోటు చస్తుంది, వేడి పెనాన్ని తాకి తీసినట్టు తీసేయాలి. చూపుడు వేలు తీగ కింద లోతుగా దూరితే లాగుడు నోటు మిగతా వాటికన్నా రెట్టింపు మోత మోగుతుంది, గోరు మొదలు కూడా దాటనివ్వకండి. ఇక ఈక్వలైజర్‌లో మధ్య పౌనఃపున్యాలు పూర్తిగా తగ్గించడం: ఇంట్లో ఒంటరిగా బ్రహ్మాండంగా ఉంటుంది, బృందంలోకి వెళ్లగానే బేస్ కనబడకుండా పోతుంది.

ఇదే బొటనవేలు లెవెల్ 42 బృందం బేసిస్టు మార్క్ కింగ్ చేతిలో వేరు. .030 నుంచి .090 దాకా సన్నటి తీగలు, బేస్ ఛాతీకి దగ్గరగా, ఎడమ అరచెయ్యి కూడా తీగల మీద చరుస్తుంది. కుడి దెబ్బ, ఎడమ దెబ్బ కలిసి మృదంగం రెండు వైపుల్లా పనిచేస్తాయి. విక్టర్ వూటెన్ దగ్గరికి వస్తే బొటనవేలు తగిలి వెనక్కి రాదు, తీగ దాటి కింది తీగ మీద ఆగుతుంది. పైకి వచ్చేటప్పుడు ఇంకో నోటు. పిక్‌తో కిందకీ పైకీ మీటడం బొటనవేలితో జరుగుతుంది. దీనికి తీగలు బాగా కిందికి ఉండాలి, 12వ ఫ్రెట్ దగ్గర 2 మిల్లీమీటర్లకి మించితే వేలు ఇరుక్కుంటుంది.

వైజాగ్_ఫ్రెట్‌లెస్

జాకో పాస్టోరియస్ (1951–1987). వెదర్ రిపోర్ట్ బృందం, 1977 ఆల్బమ్ 'హెవీ వెదర్'. అంతకు ముందు ఏడాది తన పేరుతో వచ్చిన మొదటి ఆల్బమ్.

1962 ఫెండర్ జాజ్ బేస్. ఫ్రెట్లు తీసేసి, గాడుల్ని పూడ్చి, ఫింగర్‌బోర్డు మీద పడవలకి పూసే ఎపాక్సీ పొర వేశారు. అది సోకు కోసం కాదు. ఆయన వాడినవి రోటోసౌండ్ స్వింగ్ బేస్ 66, స్టీలు రౌండ్‌వౌండ్ తీగలు (గుండ్రటి చుట్టు తీగతో గరుకుగా ఉండేవి). ఒట్టి రోజ్‌వుడ్ మీద అవి నెలల్లో గాళ్లు కోసేస్తాయి. ఎపాక్సీ ఆ కోతని ఆపింది, పైగా గట్టి ఉపరితలం వల్ల నోటు ఎక్కువసేపు నిలబడింది. ఫ్రెట్‌లెస్‌కి ఫ్లాట్‌వౌండ్లు వేసేవాళ్లకి ఎపాక్సీతో పనిలేదు.

ఆ మూలుగు లాంటి మధ్యస్థాయి శబ్దం బ్రిడ్జి పికప్‌ది, అంటే బ్రిడ్జి దగ్గర తీగ కదలికని పట్టే అయస్కాంతానిది. కుడిచెయ్యి కూడా ఆ పికప్ దగ్గరే మీటుతుంది. అక్కడ తీగ బిర్రుగా ఉంటుంది, అడుగు స్వరం తగ్గి పై స్వరాంశాలు పెరుగుతాయి. నెక్ దగ్గర మీటితే ఎంత ఖరీదైన ఫ్రెట్‌లెస్ అయినా జాకోలా పలకదు.

హార్మోనిక్స్ ఇంకో ప్రపంచం. 'పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ' నిండా అవే. ఖాళీ తీగ మీద 12, 7, 5 అందరికీ తెలుసు. 4వ ఫ్రెట్‌కి కాస్త ఇవతల, దాదాపు 3.9 దగ్గర, తాకితే ఖాళీ తీగ కన్నా రెండు స్థాయిల పైన అంతర గాంధారం వస్తుంది. చూపుడు వేలితో ఒక ఫ్రెట్ నొక్కి, చిటికెన వేలితో నాలుగు ఫ్రెట్ల పైన తాకితే ఖాళీ తీగ లేకుండానే అదే గాంధారం. చిన్న చేతులకి మొదటి ఫ్రెట్ల దగ్గర ఇది నిజంగా కష్టం. ముందు 7వ ఫ్రెట్ పైన నేర్చుకుని కిందికి దిగాలి.

నోటు ముగింపు సంగతి అడిగారు కదా. జాకో ఫంక్ వాయించేటప్పుడు ప్రెస్టియాలాగే పొట్టి పదహారో వంతులు. పాడించేటప్పుడు నోటు ఎండ్‌లో వేలు వెడల్పుగా ఊపుతారు. ఒకే చేతికి రెండు ముగింపులు.

మృదంగం_టు_బేస్

పైన ఫ్రెట్‌లెస్ గురించి చదివి కొత్తవాళ్లు కొనేస్తారేమో, అందుకే శ్రుతి విషయం చెప్పాలి. ఫ్రెట్లున్న బేస్‌లో వేలు ఫ్రెట్‌కి వెనక పెడతాం. ఫ్రెట్‌లెస్‌లో సరిగ్గా గీత మీద పెట్టాలి. పాత అలవాటుతో వెనక పెడితే ప్రతి స్వరమూ తగ్గుతుంది.

34 అంగుళాల స్కేలులో (మోగే తీగ పొడవు) మొదటి ఫ్రెట్ వెడల్పు 48 మిల్లీమీటర్లు. 12వ ఫ్రెట్ దాటాక అదే అరస్వరం 24 మిల్లీమీటర్లు. వేలు 3 మిల్లీమీటర్లు జరిగితే కింద 6 సెంట్లు (అరస్వరంలో నూరో వంతులు), పైన 12 సెంట్లు తప్పుతుంది. కింద చెవి క్షమించేస్తుంది, పైన క్షమించదు.

మనవాళ్లకి ఇందులో ఒక సౌకర్యం ఉంది. తంబూరా యాప్‌లో శ్రుతి ఇ పెట్టుకుని మాయామాళవగౌళ సరళీ వరసలు విళంబంలో వాయించండి. రి, గ మధ్య ఉన్న పెద్ద దూరమూ, స-రి, గ-మ మధ్య చిన్న దూరమూ వేళ్లకి వెంటనే పట్టుబడతాయి. ట్యూనర్ చూస్తూ సాధన చేస్తే కన్ను నేర్చుకుంటుంది, చెవి నేర్చుకోదు. గమకం మీదికి తొందరపడొద్దు. సరైన చోట వేలు నిలబడకుండా ఊపితే అది గమకం కాదు, తప్పుని దాచడం.

ఓరుగల్లు_గ్రూవ్

అందరూ నోట్ల గురించి రాసిన్రు. నాకు ఖాళీల గురించి రాయాలనుంది. ఆస్టన్ 'ఫ్యామిలీ మ్యాన్' బారెట్, బాబ్ మార్లే అండ్ ది వెయిలర్స్. రెగేల వన్ డ్రాప్ అనే తాళంల డ్రమ్ మొదటి దెబ్బ ఖాళీ వదిలి మూడో దెబ్బ మీద పడతది. బారెట్ బేస్ చాలాసార్లు ఆ మొదటి దెబ్బనే వదిలేస్తది. అక్కడ ఏం లేదు, అయినా పాటంతా ఆ ఖాళీ చుట్టే తిరుగుతది.

టోన్ కోసం: ఫ్లాట్‌వౌండ్లు, నెక్ పికప్ ఒక్కటే, టోన్ గుండీ పూర్తిగా మూసి, మీటుడు ఫింగర్‌బోర్డు చివర దగ్గర. వేలి గోరు తగలొద్దు, మెత్తటి కొస మాత్రమే. నోటు ఆపేటందుకు కుడిచేతి తర్వాతి వేలిని తీగ మీద ముందే ఆనించాలె. ఎడమచెయ్యి ఎత్తి ఆపితే కీచుమని చప్పుడొస్తది, ఆ ఖాళీ మొత్తం ఖరాబైతది. చేయాల్సిన సాధన ఒక్కటే: నాలుగు నోట్ల వరస ఒకటి పట్టుకుని పది నిమిషాలు మార్చకుండ వాయించుడు. మూడో నిమిషంల చెయ్యి ఏదన్న అదనంగా వేయాలని చూస్తది. వేయొద్దు.

పాతస్ట్రింగ్స్

ఓరుగల్లు గారి మాట చదివాక ఆంథోనీ జాక్సన్, క్యారల్ కే, స్టీవ్ హారిస్ గురించి రాసేద్దామనిపించింది. ముగ్గురివీ మూడు రకాల ముగింపులు.

క్యారల్ కే గిటారిస్టుగా ఉండి బేస్‌కి వచ్చిన లాస్ ఏంజిలెస్ స్టూడియో కళాకారిణి, అందుకే పిక్. గట్టి పిక్, ఫ్లాట్‌వౌండ్లు, బ్రిడ్జి దగ్గర తీగల పైన మడిచిన ఫెల్ట్ ముక్క. స్పాంజి కింద నుంచి నొక్కితే, ఫెల్ట్ పైనుంచి ఆనుతుంది. అందువల్ల పిక్ 'టిక్' స్పష్టంగా ఉంటుంది, వెనక గుసగుస ఉండదు.

హారిస్ ఐరన్ మెయిడెన్‌లో పిక్ లేకుండా రెండు వేళ్లతోనే గుర్రపు పరుగు నడుపుతారు, 'తా-కిట తా-కిట'. తీగలు ఫ్లాట్‌వౌండ్లే, కానీ కింద ఉండి, గట్టిగా మీటడంతో ఫ్రెట్లకి కొట్టుకుని గణగణ మంటాయి. ఒకే రకం తీగ జామెర్సన్ దగ్గర మెత్తగా, హారిస్ దగ్గర ఇనుములా. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

జాక్సన్ 1973లో ది ఓజేస్ 'ఫర్ ద లవ్ ఆఫ్ మనీ'లో పిక్‌తో, ఫేజర్ (శబ్దాన్ని సుడులు తిప్పే పరికరం) పెట్టి వాయించిన ఆ వరస ఒక్కటి చాలు. తర్వాత ఆరు తీగల బేస్ ఆయన ఆలోచన: కింద బి, పైన సి. బి తీగ 31 హెర్ట్జ్ కంటే కాస్త తక్కువ. చిన్న యాంప్ ఆ అడుగు స్వరాన్ని పలికించలేదు, స్పీకర్ కోన్ ఊగడమే మిగులుతుంది.

మంద్రం_41

హారిస్ ఉదాహరణ నా మొదటి పోస్టుని సరిచేసింది. తీగల పేరు నేను ముందు రాశాను, చేతి బరువు ముందు రాయాల్సింది.

మన పాటల సంగతి ఎవరైనా రాస్తారా? తెలుగు సినిమా పాటల్లో బేస్ మీద చెప్పుకోవడమే తక్కువ.

స్వరలేఖ

రాస్తాను. మన దగ్గర పెద్ద లోపం పేర్లు. క్యాసెట్ కవర్ల మీద గాయకులు, రచయిత, సంగీత దర్శకుడు తప్ప వాయించినవాళ్లు ఉండేవాళ్లు కాదు. మోటౌన్‌లోనూ అదే జరిగింది. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ మీద జామెర్సన్ పేరు అచ్చయ్యేదాకా జనానికి ఆయనెవరో తెలియదు. మన శ్రోతలు దశాబ్దాలుగా విన్న ఇళయరాజా పాటల వెనక బేస్ వాయించిన శశిధరన్ పేరు ఎంతమందికి తెలుసు?

ఇళయరాజా బేస్‌ని స్వరలిపిలో రాసి ఇచ్చేవారు. అందువల్ల అది మూల స్వరాన్ని మోసే కూలీ కాదు, పల్లవికి ఎదురుగా నడిచే రెండో రాగం. కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) అదే ఉన్నా, బేస్ మాత్రం ఒక్కో మెట్టు దిగుతూ పోతుంది. పాట పైకి వెళితే బేస్ కిందికి. 'గీతాంజలి' (1989) పాటల్ని పల్లవి వదిలేసి బేస్ ఒక్కదాన్నే కూనిరాగం తీస్తూ వినండి, ఆ వరస విడిగానూ నిలబడుతుంది. రాసిన స్వరాన్ని అలాగే వాయించి, ముగింపు మాత్రం తన చేత్తో దిద్దడం శశిధరన్ లాంటి వాళ్ల గొప్పతనం. ఏ.ఆర్. రెహమాన్ పాటల్లో చెన్నైకి చెందిన కీత్ పీటర్స్‌ది కూడా అలాంటి పెద్ద చెయ్యి.

ముంబయిలో పుట్టిన మోహినీ డే సంగతి వేరు. కొన్నకోల్ (నోటితో పలికే లయ) జతుల్ని నేరుగా స్లాప్‌లోకి దించుతారు. ముందు నోటితో పలికి, ఏ అక్షరం బొటనవేలు, ఏది లాగుడు, ఏది ఎడమచేతి చరుపు అని పంచుకోవాలి. మొదటి ప్రయత్నానికి 'తకతకిట' ఐదు చాలు: త బొటనవేలు, క ఎడమచెయ్యి, త బొటనవేలు, కి ఎడమచెయ్యి, ట లాగుడు. ఐదు సార్లు తిప్పితే 25 అక్షరాలు. ఆది తాళం 32లో 7 మిగులుతాయి, అక్కడ 'తకిటతకధిమి' పెడితే సమానికి వస్తారు.

కొత్తబేస్_ఖమ్మం

స్వరలేఖ గారూ, ఫోన్‌లో వింటుంటే ఈ పాటల్లో బేస్ అసలు దొరకడం లేదు. ఎట్ల వినాలె?

స్వరలేఖ

ఫోన్ స్పీకర్‌లో దొరకదు. బేస్ ఇ తీగ 41 హెర్ట్జ్, ఎ 55, డి 73, జి 98. అంత కిందికి ఆ చిన్న స్పీకర్ పలకదు, పై స్వరాంశాలే వినిపిస్తాయి. చెవిని మూసే హెడ్‌ఫోన్ పెట్టండి. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాట తెరిచి 250 హెర్ట్జ్ పైన ఉన్నదంతా లో-పాస్ ఫిల్టర్‌తో తగ్గించండి. స్వరం పట్టుబడకపోతే ఒక స్థాయి పైకి జరిపి వినండి, గిటార్ స్థాయికి వచ్చి స్పష్టంగా తెలుస్తుంది. వేగం సగం చేయొచ్చు, కానీ నోటు పొడుగు వినేటప్పుడు మాత్రం అసలు వేగంలోనే వినాలి. సగం వేగంలో అన్ని ముగింపులూ సాగి ఒకేలా అనిపిస్తాయి.

పాతస్ట్రింగ్స్

స్టీరియో పాటల్లో ఇంకో చిన్న ఉపాయం: బేస్ సాధారణంగా మధ్యలో ఉంటుంది కాబట్టి కుడి, ఎడమ ఛానెళ్లని మోనోగా కలిపితే పక్కల ఉన్న వయొలిన్లు, కోరస్ కాస్త వెనక్కి తగ్గుతాయి. ఆ తర్వాత ఫిల్టర్ వేయండి. కిక్ డ్రమ్ అడ్డొస్తే 60 హెర్ట్జ్ దగ్గర కొంచెం కోయండి, బేస్ వరస అప్పటికీ పై స్వరాంశాల్లో వినబడుతూనే ఉంటుంది.